అడ్డుకట్టలు పీకే మనిషి

ఆదరణ కూడికలో పాస్టరుగారు మైకు పట్టుకుని, "మన సోదరుడు ఎవరికీ ఏ ఇబ్బందీ కలిగించని మనిషి" అన్నారు. మూడో వరసలో కూర్చున్న నాకు పొలమారింది. పక్కనున్నావిడ ఏడుపనుకుని వీపు నిమిరింది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలి, ఒప్పుకుంటాను. కానీ మంచి వేరు, అబద్ధం వేరు. ఆ మనిషి వల్ల ఇబ్బంది పడనివాళ్ళు ఉయ్యూరు నుంచి బెంజ్ సర్కిల్ దాకా ఒక్కరుంటే చూపించమనండి.

ఆయన మా పెద్దాడపడుచు భర్త. నాకు అన్నయ్యగారు, మా ఆయనకి బావగారు. ఇంటల్లుడు. అంటే ఏం చేసినా ఎవరూ ఏమీ అనకూడని మనిషి. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ అల్లుడుగారు వస్తున్నారంటే ముందు నన్ను వంటింట్లోకి పిలిచి "నోరు జాగ్రత్త" అని చెప్పి, ఆ తర్వాతే కోడిని తెమ్మని పంపేవారు. నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని. నోరు కట్టేసుకోవడం నా ఉద్యోగానికి పడని పని. అయినా పాతికేళ్ళు కట్టేసుకున్నాను.

ఆయన ఇరిగేషన్ డిపార్టుమెంటులో లస్కరుగా చేసి రిటైరయ్యారు. లస్కరంటే కాలువ గట్టు మీద తిరుగుతూ తూముల షట్టర్లు ఎత్తేవాడు, దించేవాడు. "కాలువని ఇంజనీర్లు కాయితం మీద నడుపుతారమ్మాయ్, మేం కాళ్ళతో నడుపుతాం" అనేవారు. ఉద్యోగం ఆయన్ని వదిలిపెట్టింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదిలితేగా. విజయవాడలో మా ఇంటికొస్తే చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకే. పలకరింపుల్లేవు. సింకు కింద వంగి పైపు చూసేవారు. "కారుతోంది" అనేవారు. అది కారటం నాకూ తెలుసు. ప్లంబరుకి నాలుగుసార్లు ఫోన్ చేశాను. అయినా అన్నం తింటున్నంతసేపూ ఆ చుక్క చప్పుడు వింటూ, ముద్ద నోటి దగ్గర ఆపి, "అదిగో" అంటూంటే మనకి తిన్నది వంటబడుతుందా?

కార్లో వెళ్తున్నా ఇదే తంతు. ప్రతి వంతెన దగ్గరా ఆపాలి. అద్దం దించి తల బయటపెట్టి కాలువలోకి చూసి, "మూడడుగులు" అనో, "రెండున్నర, అదీ గుర్రపుడెక్క కింద" అనో ఎవరికో కబురు చెబుతున్నట్టు చెప్పి, అప్పుడు అద్దం ఎత్తాలి. వెనక లారీవాడు హారన్ కొట్టినా ఆయనకి వినిపించదు. ఒకసారి మా ఆయన ఓపిక నశించి, "బావగారూ, మూడడుగులైతే మనకేంటండీ?" అన్నారు. ఆయన అద్దం ఎత్తుతూ, "మనకేం లేదు. నీళ్ళకి" అన్నారు.

అన్నిటికంటే గన్నవరం దగ్గర కల్యాణమండపంలో జరిగింది చెప్పాలి. మావాళ్ళమ్మాయి పెళ్ళి. చేతులు కడుక్కునే చోట బేసిన్లో మెతుకులు అడ్డం పడి నీళ్ళు పైదాకా నిలిచాయి. అందరూ ముక్కు మూసుకుని పక్క బేసిన్ దగ్గర నిలబడ్డారు. ఈయన కొత్త తెల్ల చొక్కా చేతులు పైకి మడిచి, మోచేతి దాకా ఆ నీళ్ళలో పెట్టి కెలికారు. అప్పుడే వచ్చిన పెళ్ళికొడుకు తండ్రి ఈయన్ని మండపం పనివాడనుకుని, "అవతల ఆడవాళ్ళ వైపుది కూడా చూడవయ్యా" అన్నాడు. ఈయన వెళ్ళి అదీ చూశారు. నేను సిగ్గుతో చచ్చిపోయి వదిన దగ్గరికి పరిగెత్తితే, ఆవిడ ఐస్‌క్రీం తింటూ, "పోన్లే, రెండూ పారుతున్నాయిగా" అంది. ఆ ఇంట్లో ఆవిడ ఒక్కతే ప్రశాంతంగా ఉండేది. ఎలా ఉండేదో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇలాంటి మనిషితో నేను కొండలు చూడ్డానికి బయల్దేరాను. నాదే తప్పు.

నా సంగతి కూడా చెప్పాలి. నేను ఇరవై రెండేళ్ళుగా బోర్డు మీద జలపాతం బొమ్మ గీస్తున్నాను. ఎన్నడూ చూసింది లేదు. మాది దివిసీమ. మా ఊళ్ళో నీరు ఎక్కణ్ణించీ పడదు, ఉన్నచోట నిలబడుతుంది. పిల్లలు "మేడం, మీరు చూశారా?" అంటే, "ముందు బొమ్మ గీయండి" అని కసిరేదాన్ని. కిందటేడు డిసెంబరు సెలవుల్లో అరకు వెళ్దామని పట్టుబట్టాను. దారిలో నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కాక వచ్చే ఒక చిన్న ఊళ్ళో రాత్రి ఆగి, పొద్దున్నే మబ్బులూ, కాఫీ తోటలూ, అక్కడికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న జలపాతమూ చూసి, సాయంత్రానికి అరకు చేరాలి. ఆ ఊరి పేరు రాయను. మా నిర్వాకం వాళ్ళకి గుర్తుచేయడం ఇష్టం లేదు. వదిన కూడా వస్తానంది. వదిన వస్తే ఆయనా వస్తారు కదా.

బయల్దేరేటప్పుడు ఆయన మా కారు డిక్కీలో పొట్టి పిడి పార ఒకటి పెట్టారు.

"ఎందుకండీ అన్నయ్యగారూ?"

"ఉంటుందమ్మా."

ఊరుకున్నాను. నోరు జాగ్రత్త.

జలపాతం గురించి దారంతా చెబుతూనే ఉన్నాను. ఆయన వింటూనే ఉన్నారు. రాజమండ్రి దాటాక తాపీగా, "బ్యారేజీ గేట్లెత్తినప్పుడు చూశావుగా అమ్మాయ్. అదే ఇది. గేట్లు లేని బ్యారేజీ" అన్నారు. నా ఉత్సాహం మీద ఇంత చక్కగా నీళ్ళు చల్లిన మనిషి ఇంకొకరు లేరు.

మర్నాడు తెల్లారుతూనే మేం ముగ్గురం స్వెట్టర్లు తొడుక్కుని టీ బండి దగ్గర నిలబడ్డాం. ఆయన లేరు. మంచు తెరలు తెరలుగా రోడ్డు దాటుతోంది. సిల్వర్ ఓక్ చెట్ల మొదళ్ళు కనిపిస్తున్నాయి, తలలు లేవు. రెండో టీ అయింది. మబ్బులు పైకి లేచిపోతే చూడ్డానికేం ఉండదని టీ బండి ఆయన చెబుతున్నాడు. మా ఆయన వాచీ చూసుకుంటున్నారు. వదిన బిస్కెట్ ముంచుకుని తింటోంది. అప్పుడొచ్చారు. ప్యాంటు మోకాళ్ళ దాకా తడి, భుజాన పార. మొహం వెలిగిపోతోంది.

"పైన గెడ్డ ఒకటుందమ్మాయ్" అన్నారు. కొండవాగుని అక్కడివాళ్ళు గెడ్డ అంటారట, పొద్దున్నే ఎవరినో అడిగి తెలుసుకున్నారు. "ఎవడో దొంగ, సగానికి అడ్డుకట్ట వేసి నీళ్ళు మళ్ళించేసుకున్నాడు. రాళ్ళూ రప్పలూ ఆకులూ వేసి. పీకేశాను. ఇప్పుడు చూడు, ఎలా పోతోందో."

ఇక్కడ డెల్టా సంగతి కాస్త చెప్పాలి. మావైపు ఎండాకాలం ముందు కాలువలో నీరు తగ్గితే, చీకట్లో ఎవరో మట్టిబస్తాలు కాలువకి అడ్డం వేసి తమ చేలోకి తిప్పుకుంటారు. తెల్లారేసరికి లస్కరు వెళ్ళి అది పీకేయాలి. పీకేటప్పుడు తిట్లు తినాలి, ఒక్కోసారి దెబ్బలూ తినాలి. ఆయన సర్వీసంతా చేసిన పనే అది. రిటైరయ్యాక ఒక్క అడ్డుకట్టా దొరక్క చేతులు పీకుతున్నాయి కాబోలు. కొండెక్కగానే దొరికింది.

"మంచిపని చేశారు, కారెక్కండి" అన్నాను. నాకు మబ్బులు కావాలి.

మబ్బులు బాగున్నాయి. బాగున్నాయంటే, కొండ అంచున నిలబడితే కిందంతా దూది పరుపులా పరుచుకుని, మధ్య మధ్య కొండ కొసలు లంకల్లా తేలుతూ, నేను ఫోటో తీయడం కూడా మర్చిపోయాను. ఆయన నా పక్కనే నిలబడి, "ఇంత నీళ్ళు గాల్లో వేలాడుతున్నాయి, కింద ఒక్క ఎకరానికి పనికిరావు" అన్నారు. కాఫీ తోటలో మిరియాల తీగ పట్టుకుని, "దీనికి నీళ్ళెవరు పెడతారయ్యా?" అని తోటమాలిని పావుగంట నిలేశారు. ఒక మలుపులో కొండవాలంతా వలిసెపూలు పసుపు పోసినట్టు పూసుంటే నేను ఫోటోలు తీస్తున్నాను. ఈయన చేలో అటూ ఇటూ నడిచి వచ్చి, "కాలవే లేదు" అన్నారు దిగులుగా.

పదింటికి జలపాతం దారి పట్టాం. మధ్యాహ్నం రెండు దాటితే ఫారెస్టువాళ్ళు కిందకి దిగనివ్వరని టీ బండి దగ్గరే చెప్పారు. నాలుగు గంటలున్నాయి, చాలు. దారి ఒక చిన్న గూడెం మీంచి పోతుంది. పది ఇళ్ళుంటాయి. అక్కడ రోడ్డు మీదే ఆడవాళ్ళు ఖాళీ బిందెలు పెట్టుకుని నిలబడ్డారు. మా ఆయన కారు ఆపారు.

"ఎవులో కట్ట తీసేసినారు బాబూ" అంది ఒకావిడ. చేతిలో కత్తి, నడివయసు. "పొద్దున్నుంచి నీల్లు రానేదు. బోరింగు పాడై శానా నెలలైంది. కొత్తోలు ఎవులైనా పైకెల్లడం సూసినారా?"

రోడ్డు పక్కన వెదురు బొంగులు చీల్చి దోనెల్లా చేసి, కర్రల మీద ఆనించి, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి కట్టుకుంటూ పోయారు. అన్నీ ఎండిపోయి ఉన్నాయి. ఒకదాంట్లో ఆకు ఒకటి అతుక్కుని ఉంది. ఆయన దాన్ని చూశారు. దాని వెంట చూపు పైకి పోనిచ్చారు, గట్టు దాకా, చెట్ల దాకా. ఆ చూపు నాకు తెలుసు. సింకు కింద వంగినప్పటి చూపే. కానీ మొహంలో రక్తం లేదు.

మా ఆయన అద్దంలోంచి నన్ను చూసి, గేరు మీద చెయ్యేశారు. నేను తల ఊపాను. అబద్ధం ఆడమనలేదు కదా, వెళ్ళిపోదామన్నాం అంతే. నాకు జలపాతం కనిపిస్తోంది కళ్ళముందు. ఈలోగా వెనక తలుపు తెరుచుకుంది.

"నేనేనమ్మా తీసింది" అన్నారాయన, దిగి చేతులు కట్టుకుని. "దొంగకట్ట అనుకున్నాను. మావైపు అలా ఉంటుంది. తప్పయిపోయింది."

ఆవిడ ఆయన్ని పైకీ కిందకీ చూసింది. కత్తి ఇంకా చేతిలోనే ఉంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ తిట్టలేదు. "మేమైతే గెడ్డకి దిగి మోసుకుంటాం. సివరింట్లో ముసలామెకి కాల్లు నేవు. ఒకరు తెచ్చి పోసిన నీల్లు ముట్టదు, దానికి పౌరుషం. ఇంటి ముందుకి తనకి తానొస్తేనే తాగుతాది. పొద్దుటి కాన్నుంచి బిందె కాలీ" అంది.

"చివరిల్లు ఎక్కడ?" అన్నారాయన. ఆవిడ చూపించింది. వంపు తిరిగి, వాలు దిగి, చెట్ల వెనక ఎక్కడో. ఆయన డిక్కీ తీసి పార అందుకున్నారు.

ఇక చూడండి నా తిప్పలు. అడవిలోంచి ఎక్కి గెడ్డ దగ్గరికి పోయాం. ఆయన నీళ్ళలో దిగి, మట్టి గడ్డలు కోసి, నిలువునా గోడలా కట్టారు. మా కాలువ మీద గండి పూడ్చినట్టు, చక్కగా, తాడు పట్టినట్టు. అరగంటలో వాగు దాన్ని మింగేసింది. మళ్ళీ కట్టారు, ఇంకా వెడల్పుగా. మళ్ళీ పోయింది. కొండనీళ్ళకి మా కాలువ మర్యాదలు తెలియవు. కత్తి పట్టుకున్నావిడ గట్టు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ చూస్తోంది. వదిన ఇంకో రాయి మీద కూర్చుని కమలాలు ఒలుస్తోంది. మా ఆయన బూట్లు విప్పి నీళ్ళలో నిలబడి రాళ్ళు అందిస్తున్నారు. నేను ఆకులు మోస్తున్నాను. అరకు కోసం కొనుక్కున్న చుడీదార్, తెలుసా, దానికి ఆ రోజు పట్టిన బురద ఇప్పటికీ వదల్లేదు.

"చెప్పొచ్చు కదమ్మా ఎలా కట్టాలో" అన్నాను ఆవిడతో, ఇక ఉండబట్టలేక.

"అడిగితే సెప్తాను" అంది ఆవిడ.

ఆయన నడుం నిలబెట్టి చూశారు. సర్వీసులో ఎంతమంది ఇంజనీర్ల మాట విన్నారో నాకు తెలీదు గానీ ఇంట్లో మాత్రం ఎవరి మాటా విన్న మనిషి కాదు. "చెప్పమ్మా" అన్నారు.

ఆవిడ దిగింది. రాళ్ళు అడ్డంగా కాదు, ఏటవాలుగా పేర్పించింది. పెద్దవి కింద, వాటి సందుల్లో కొమ్మలు, కొమ్మల మీద ఆకులు, ఆకుల మీద బురద. వాగు సగం దాకా రాగానే ఆపమంది. ఆయన ఊరుకోలేక, "మొత్తం కట్టేస్తే నీళ్ళు ఇంకా బాగా వస్తాయి కదమ్మా" అన్నారు.

"కింద ఊరోల్లు తాగొద్దా?" అంది ఆవిడ.

ఆయన చేతిలో ఉన్న రాయిని తీసుకెళ్ళి గట్టు మీద పెట్టేశారు. నేను వాచీ చూసుకున్నాను. రెండూ పది. నా జలపాతం అయిపోయింది. ఇరవై రెండేళ్ళు, ఇంకో మూడు కిలోమీటర్లు. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, ఆకులు కోస్తున్నట్టు అటు తిరిగి. ఆ మనిషి మీద నాకున్న కోపానికి మాటలు లేవు. లేకపోవడమేంటి, ఉన్నాయి. ఒక్కొక్కటీ వరసగా పేర్చుకున్నాను. కారెక్కాక, అరకు దాకా ఆపకుండా అనేద్దామనుకున్నాను. అత్తగారు లేరు. ఇంటల్లుడైతే ఏంటట.

కట్ట నిలిచింది. నీరు మొదట నెమ్మదిగా పొర్లి, పిల్లకాలువలోకి తిరిగింది. మేమందరం హమ్మయ్య అనుకుని కిందకి దిగబోయాం. ఆయన మాతో రాలేదు. భుజాన పార వేసుకుని, నడుం వంచి, ఆ నీటితో పాటు నడవడం మొదలుపెట్టారు. ఎండిన కాలువలోకి వదిలిన నీరు ఎంత వేగంగా పోతే అంతే వేగంగా. ముందుకి కాదు, వెనక్కి కాదు. నీరు ఆగితే ఆయన ఆగుతారు, ఆకు తీస్తారు, పుల్ల తీస్తారు, ఎండుమట్టి పెళ్ళని కాలి వేలితో తోస్తారు. కదిలితే కదులుతారు. పసిబిడ్డకి నడక నేర్పుతున్నట్టు ఉంది ఆ వాలకం. మొదటి ఇంటికి వచ్చింది. ఆడవాళ్ళు బిందెలు పెట్టారు. రెండో ఇల్లు, మూడో ఇల్లు. మేం కారు దగ్గర నిలబడి చూస్తున్నాం. ఎండ తగ్గిపోతోంది. ఆయన వంపు తిరిగి కనపడకుండా పోయారు.

పావుగంట చూసి నేనే బయల్దేరాను, పేర్చుకున్న మాటలన్నీ పట్టుకుని. అరకు దాకా కూడా ఆగేలా లేను.

చివరిల్లు తాటాకు పాక అనుకుంటే కాదు, పెంకుటిల్లే, చిన్నది. గుమ్మంలో ముసలామె కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఇంటి ముందు దోనె కొస నుంచి నీళ్ళు సన్నగా అల్యూమినియం బిందెలోకి పడుతున్నాయి. ఆయన ఆ బిందె పక్కనే, తడి నేల మీద, చతికిలబడి ఉన్నారు.

"అన్నయ్యగారూ" అన్నాను, గట్టిగానే.

ఆయన నా వైపు తిరగలేదు. బిందెలోకే చూస్తున్నారు.

"ముప్పయ్యేళ్ళు చేశానమ్మాయ్ ఉద్యోగం" అన్నారు. "శివారు దాకా ఒక్కనాడూ పోలేదు. సగం దూరం పోయి సైకిల్ తిప్పేసేవాణ్ణి. చివరి చేలకి నీళ్ళు అందవని నాకు తెలుసు. అందవని తెలిసి ఏ మొహం పెట్టుకుని పోను? అందాయనే రాసేవాణ్ణి పుస్తకంలో. ఎప్పుడూ అందాయనే రాశాను."

నేను పేర్చుకున్న మాటలు ఏమయ్యాయో తెలీదు. బిందె నిండి అంచు మీంచి పొర్లింది. ముసలామె పాక్కుంటూ వచ్చి, సొరకాయ బుర్రతో ముంచుకుని, తల వెనక్కి వంచి గటగటా తాగింది. మళ్ళీ ముంచింది. ఆ బుర్ర ఆయన ముందుకి చాపింది.

ఆయన తీసుకోలేదు. "పొద్దున కట్ట పీకింది నేనేనమ్మా" అన్నారు ఆవిడతో కూడా. వదలడు కదా ఈ మనిషి.

"తెలుసులే" అంది ముసలామె. "వచ్చినావు కదా. తాగు."

ఆయన దోసిలి పట్టారు. ఆవిడ పోస్తోంది. తాగుతున్నారో ఏడుస్తున్నారో నాకు తెలియలేదు. మోచేతుల మీంచి కారి నీళ్ళన్నీ నేలపాలవుతుంటే, ఒక్క చుక్క వృథా అయితే ఒప్పుకోని ఆ మనిషి, ఆపమని చెప్పలేదు.